లాన్‌లో తెలియని మొలకలా? పేరు అడిగే ముందు వేరు చూడండి

మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడితే చాలు, వారం పది రోజుల్లో లాన్ మీద మీరు వేయని మొలకలు లేస్తాయి. కొన్ని గుండ్రటి రెండాకులతో, కొన్ని సూదిలా నిటారుగా, కొన్ని చింతాకులా విప్పుకుని. ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే నలుగురు ఐదు పేర్లు చెబుతారు. రెండాకుల దశలో ఉన్న మొలకకి కచ్చితంగా పేరు పెట్టడం వ్యవసాయ కళాశాలలో చదివినవాళ్లకీ కష్టమే.

పేరు కోసం ఆగక్కర్లేదు. ముందు తెలియాల్సింది అది నేలలో దేని మీద బతుకుతోందన్నది. గింజ నుంచి మొలిచినదాన్ని వేరుతో పీకితే పని అయిపోయినట్టే. గడ్డ నుంచి వచ్చినదాన్ని పీకితే వారం తిరక్కుండానే మళ్లీ వస్తుంది. కణుపు కణుపుకీ వేరు దించే తీగని పారతో చెక్కితే ఒకటి పదవుతుంది. మూడింటికీ ఒకే మందు కొట్టడం వల్లే చాలా ఇళ్లలో కలుపు నిలిచి, గడ్డి పోతుంది.

మొదట మీ గడ్డి ఏదో తేల్చుకోండి

వింతగా అనిపించవచ్చు గానీ, సొంత గడ్డి పేరు తెలియని ఇళ్లే ఎక్కువ. నర్సరీవాడు మ్యాట్లు పరిచి వెళ్లిపోతాడు. సన్నటి ఆకు, పొడవాటి తీగలు, ఎండలో బాగా పెరిగి నీడలో పలచబడితే అది బెర్ముడా. సెలెక్షన్ నంబర్ 1 అని అమ్మేదీ ఆ జాతే, అంటే మన గరికే. దట్టంగా, అడుగు వేస్తే మెత్తగా దిగే తివాచీలా, నిదానంగా పెరిగేది మెక్సికన్ గ్రాస్ పేరుతో అమ్మేది. చెట్ల నీడన వేసే వెడల్పాకు గడ్డి ఇంకో రకం.

ఇది ఎందుకంటే, వినాయకుడికి ఇష్టమైన గరికే బెర్ముడా లాన్‌లో పంట, మెక్సికన్ లాన్‌లో మొండి కలుపు. మందుల విషయంలోనూ అంతే: బెర్ముడా తట్టుకునే 2,4-డి అనే కలుపుమందు వెడల్పాకు గడ్డిని మాడ్చేస్తుంది.

ఒక మొలకని తీసి, కడిగి చూడండి

సాయంత్రం ఆ చోటు బాగా తడపండి. మర్నాడు పొద్దున తొలిక గానీ కుర్పీ గానీ తీసుకుని, మొలక చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున, జానెడు లోతున మట్టిపెళ్లతో సహా లేపండి. పట్టుకుని లాగవద్దు. మట్టిపెళ్లని బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా ఊపితే మట్టి జారిపోతుంది. పంపు ధార కింద పెడితే సన్న వేర్లు తెగి, చూడాల్సిందే పోతుంది.

కడిగినదాన్ని తెల్ల కాగితం మీద పరవండి.

ఒకే తల్లివేరు సూటిగా దిగి, పైన ఎదురెదురుగా రెండు బీజదళాలు ఉంటే అది గింజ మొక్క. చెట్ల మొలకలకైతే గింజ పొట్టో, కాయ ముక్కో ఇంకా అంటుకుని ఉంటుంది. వేప, సుబాబుల్, కానుగ, పచ్చతురాయి లాంటివాటిని అక్కడే పట్టేయవచ్చు.

కాండం అడుగున చిన్న ఉబ్బు, దాని నుంచి గోధుమ రంగు గట్టి దారం, దారం వెంట సెనగగింజంత నల్లటి గడ్డలు కనిపిస్తే తుంగ. ఒక గడ్డని గోటితో గిల్లి చూడండి: లోపల తెల్లగా ఉంటుంది, ఘాటైన సువాసన వస్తుంది. పచారీ కొట్లో తుంగముస్తలని అమ్మేవి ఇవే. దారం తెగి గడ్డ కనిపించకపోతే తుంగ కాదని అనుకోవద్దు. గడ్డ ఇంకా లోతున ఉందని అర్థం. గుంటలో చెయ్యి పెట్టి వెతకండి.

పక్కకి పాకే కాడ, దాని ప్రతి కణుపు నుంచీ వేర్ల కుచ్చు దిగితే మూడో రకం. గరిక, వెన్నదేవి కూర, పులిచింత, గడ్డి చామంతి ఈ కోవలోకి వస్తాయి.

ఇంకో రెండు పరీక్షలు అక్కడే చేయవచ్చు. గడ్డిలా ఉన్న మొలక కాడని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పండి. గుండ్రంగా దొర్లితే గడ్డి, మూడు అంచులు తగిలి గతుకు గతుకుగా తిరిగితే తుంగ. ఆకులు కూడా మూడు వైపులకే వస్తాయి, పైనుంచి చూస్తే తెలుస్తుంది. ఇక నేల మీద పరుచుకున్న వెడల్పాకు మొక్క కాడని తుంచి చూడండి. పాలు కారితే నానబాలు జాతి, నీరు మాత్రమే ఉండి కాడ కండగా ఉంటే గంగవావిలి కూరో గలిజేరో. ఆ పాలు కంటికి తగలకుండా చూసుకోండి, మంట పెడుతుంది.

వాసన చూడవచ్చు గానీ రుచి చూడవద్దు. పులిచింత పుల్లగా, వేప చేదుగా ఉంటాయన్నది నిజమే. కానీ ఉమ్మెత్త మొలకా, ఆముదం మొలకా కూడా ఇదే లాన్‌లో వస్తాయి.

ఎక్కడ మొలిచాయో గమనించండి

మొలకలు ఏ వరసలో ఉన్నాయన్నది సగం సమాధానం. కరెంటు తీగ కిందో, ప్రహరీ గోడ వెంటో వరసగా వస్తే పక్షులు వేసినవి: వేప, రావి, మర్రి. పక్షులకి గింజలు పెట్టే డబ్బా కింద గడ్డిలా గుబురుగా వస్తే అవి సజ్జలో, కొర్రలో. పూజ అయ్యాక నవధాన్యాలు చల్లిన మూల పెసలు, గోధుమలు మొలిస్తే కంగారు పడక్కర్లేదు, రెండు మూడు సార్లు మిషన్ తిప్పితే పోతాయి. బతుకమ్మ పేర్చిన చోట గునుగు, వినాయక చవితి పత్రి పారేసిన చోట ఉత్తరేణి లేవడం కూడా ఇలాంటిదే. ఉత్తరేణిని మాత్రం కంకి రానీయకండి. గింజలు బట్టలకీ కుక్క బొచ్చుకీ అంటుకుని ఇల్లంతా తిరుగుతాయి.

లాన్ అంతటా ఒకేసారి, ఒకే వయసు మొలకలు వస్తే గింజ పై నుంచి వచ్చింది: ఎరువుతోనో, మట్టితోనో. చెరువు మట్టి, పొలం గట్ల మట్టి తోలించిన లాన్లలో తుంగ ఖాయం. సరిగ్గా మాగని పశువుల ఎరువులో వయ్యారిభామ, తోటకూర, రకరకాల గడ్డిగింజలు ఉంటాయి. పంపు దగ్గర, నీళ్లు నిలిచే పల్లంలో మాత్రమే వస్తే తప్పు నీటిది. నడిచి నడిచి గట్టిపడిన దారిలో చక్రంలా నేలకి అదుముకుని, మధ్యలో తెల్లగా మెరిసే మొండి గడ్డి వస్తుంది. కంకి చూస్తే రాగి కంకికి బక్కచిక్కిన చెల్లెలిలా ఉంటుంది. అక్కడ నేల గుల్ల చేయకపోతే ఎన్నిసార్లు పీకినా అదే వస్తుంది.

తరచూ వచ్చేవి, వాటి గుర్తులు

వయ్యారిభామ: ఇళ్లలో అన్నిటికంటే ముందు పట్టుకోవాల్సింది ఇదే. మొదటి ఒకటి రెండు ఆకులు మామూలుగా ఉండి, ఆ తర్వాతివి లోతుగా చీలి, నేల మీద చక్రంలా పరుచుకుంటాయి. సన్నని నూగు ఉంటుంది. బంతి, చామంతి నారు అనుకుని నీళ్లు పోసి పెంచినవాళ్లు ఉన్నారు. తేడా ఏమిటంటే బంతి మొలక మొదటి నుంచీ నిటారుగా కాడ మీద లేస్తుంది, నలిపితే బంతి వాసనే వస్తుంది. వయ్యారిభామ మాత్రం కొన్నాళ్లు నేలకి అంటుకునే ఉంటుంది. మొలిచిన నెల రోజులకే పూతకి వస్తుంది, ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. 1950లలో పుణే దగ్గర కంటపడిన ఈ మొక్క దేశమంతా పాకిందంటే కారణం అదే. చర్మానికి దద్దుర్లు, కొందరికి ఆయాసం తెస్తుంది కాబట్టి చేతి తొడుగులు లేకుండా ముట్టవద్దు. ఆకుల మీద తెల్లటి చారల చిన్న పెంకు పురుగులు తింటూ కనిపిస్తే వాటిని చంపకండి. అవి 1980లలో ఈ మొక్క కోసమే మెక్సికో నుంచి తెప్పించిన పురుగులు.

పల్లేరు: బీజదళాలు మందంగా, కోలగా ఉంటాయి. తర్వాత చిన్న సెనగాకులాంటి జత ఆకులు, పసుపు పూలు, ముళ్ల కాయలు. కాయ కట్టకముందే పీకండి, పిల్లలు ఆడే లాన్ అయితే మరీను.

నేల ఉసిరి: చింతాకులాంటి చిన్న ఆకులు, వాటి కింద వరసగా ఆవగింజంత కాయలు. సుబాబుల్ మొలకని చూసి నేల ఉసిరి అనుకునే పొరపాటు ఎక్కువ. సుబాబుల్‌కి అడుగున మందపాటి రెండు బీజదళాలు ఉంటాయి, కాడ మొదటి రోజు నుంచే చెక్కలా గట్టిగా ఉంటుంది.

గలిజేరు, గంగవావిలి: రెండూ కండగల ఆకులే. గలిజేరులో ఎదురెదురు ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. గంగవావిలిని పీకి అక్కడే పడేస్తే ఒంట్లో ఉన్న నీటితోనే గింజ పండించుకుంటుంది, తడి తగిలితే మళ్లీ వేరూనుతుంది. పీకింది పీకినట్టే బయటికి వెళ్లాలి.

పులిచింత: మూడు గుండెకాయ ఆకులు, పసుపు పూవు. పండిన కాయని ముడితే చిటుక్కున పగిలి గింజలు దూరంగా ఎగురుతాయి. అందుకే కాయ ఉన్నప్పుడు పీకితే మీరే విత్తినట్టు. పొద్దున మంచు తడి మీద, కాయ కట్టకముందు తీయండి.

వెన్నదేవి కూర: చిన్న నీలి పూలు. పైకి కనిపించే పూలతో పాటు నేల లోపల కూడా తెల్లటి మొగ్గలు వేసి గింజ కడుతుంది. పైన కోసేసి శుభ్రమైందనుకుంటే మళ్లీ వానకి లేచేది ఆ గింజే.

ఇంకా తేలకపోతే కుండీలో వేయండి

అన్ని పరీక్షలూ చేసినా అర్థం కానిది ఒకటో రెండో మిగులుతుంది. అలాంటి మొలకలు మూడింటిని మట్టితో సహా తీసి, పాత పెరుగు డబ్బా అడుగున రెండు రంధ్రాలు చేసి నాటండి. లాన్‌లో ఉన్నవాటిని మాత్రం అదే రోజు తీసేయండి. మూడు నాలుగు వారాల్లో డబ్బాలోది నాలుగైదు అసలు ఆకులు వేసి, చాలా సార్లు పూస్తుంది కూడా. అప్పుడు ఆకు పైవైపు, అడుగువైపు, కాడ, పూవు విడివిడిగా నాలుగు ఫొటోలు తీసి ఫోన్ యాప్‌లో చూడండి. రెండాకుల మొలకని పెడితే ఆ యాప్‌లు ఏదో ఒక పేరు ధీమాగా చెప్పేస్తాయి, నమ్మవద్దు. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికో, ఆంధ్రలోనైతే ఏరువాక కేంద్రానికో మొక్క పట్టుకెళ్లడం ఇంకా మంచిది. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 కి తెలుగులోనే ఫోన్ చేయవచ్చు.

గింజ మొక్కల్ని తీసే పద్ధతి

వాన పడ్డ మర్నాడు గానీ, ముందురోజు నీరు పెట్టి గానీ పని మొదలెట్టండి. ఎండిన నేలలో పీకితే కాడ తెగుతుంది, వేరు ఉండిపోతుంది. 100 గజాల లాన్‌ని తాడు కట్టి నాలుగు చాళ్లుగా విడగొట్టి ఒక్కో చాలు పూర్తి చేస్తూ పోతే ఒకే చోట రెండుసార్లు తిరగకుండా అయిపోతుంది. మొలకలు నాలుగాకులు దాటకముందు వారానికోసారి, వానాకాలం మొదటి ఆరు వారాలు ఇలా చేస్తే ఆ ఏడాదికి ముప్పావు వంతు బాధ తీరినట్టే. ఇంత చిన్న లాన్‌కి మందు దాకా వెళ్లాల్సిన అవసరం నిజానికి తుంగకి తప్ప దేనికీ రాదు.

చెట్ల మొలకల సంగతి వేరు. వేప మొలక బెత్తెడు ఉన్నప్పుడు రెండు వేళ్లతో వస్తుంది. దాన్ని వదిలేసి పైనుంచి మిషన్ తిప్పితే ప్రతిసారీ తల తెగుతుంది, వేరు మాత్రం లావెక్కుతుంది. ఆర్నెల్లకి గడ్డిలో చెయ్యి పెట్టి తడిమితే పెన్సిలంత మోడు, దాని చుట్టూ నాలుగైదు చిగుళ్లు తగులుతాయి. ఇక అది చేతికి రాదు. గునపంతో పక్కన గుచ్చి, నేల మట్టానికి నాలుగంగుళాల కిందకి కోసి తీయాలి. రావి మొలక గోడ పక్కన ఉంటే మరో వానాకాలం దాకా వాయిదా వేయకండి, వేరు పునాది పగుళ్లలోకి పోతుంది.

తుంగ: ఓపికతో గెలవాల్సింది

తుంగని పీకితే పోదని అందరికీ తెలుసు. ఎందుకు పోదో తెలిస్తే ఎలా పోగొట్టాలో తెలుస్తుంది. గింజల మీద దానికి పెద్దగా ఆధారం లేదు, బతుకంతా గడ్డల్లోనే. పైన కనిపించే ఒక్కో మొక్క కింద దారంతో కలిసిన గడ్డల గొలుసు ఉంటుంది. ఎక్కువ గడ్డలు పై అరడుగు మట్టిలోనే ఉంటాయి, కొన్ని అడుగు దాకా దిగుతాయి. గొలుసు కలిసి ఉన్నంతకాలం చివరి గడ్డ ఒక్కటే మొలుస్తుంది, మిగతావి నిద్రలో ఉంటాయి. మీరు లాగి గొలుసు తెంపగానే విడిపోయిన గడ్డలు ఒక్కొక్కటీ సొంతంగా మొలుస్తాయి. పీకాక రెట్టింపు వచ్చినట్టు అనిపించేది అందుకే.

అయినా పీకడమే సరైన దారి, కాకపోతే గడువు తప్పకూడదు. గడ్డలో దాచుకున్న బలంలో సగానికి పైగా మొదటి మొలకకే ఖర్చవుతుంది. ఆ మొలక అయిదారు ఆకులు వేశాక తిరిగి గడ్డకి బలం పంపి కొత్త గడ్డలు కడుతుంది. అయిదో ఆకు రాకముందే తీసేస్తూ ఉంటే గడ్డ అప్పుల్లో పడుతుంది. అంటే వేసవిలో, వానాకాలంలో రెండు వారాలకోసారి తప్పనిసరి. పండక్కి ఊరెళ్లి నెల రోజులు వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తారు. తీసేటప్పుడు ఊరికే లాగకుండా తొలికని ఏటవాలుగా జానెడు లోతు దించి, కాడతో పాటు దొరికినన్ని గడ్డలు తీయండి. ఆ గడ్డల్ని కంపోస్టులో వేయవద్దు. మేడ మీద పలచగా పరచి రెండు వారాలు ఎండలో మాడనిస్తే చచ్చిపోతాయి.

రోజూ కాసిన్ని నీళ్లు చల్లే ఇళ్లలో తుంగ ఆనందంగా ఉంటుంది. మామూలు రోజుల్లో వారానికి రెండుసార్లు, చేతి వేళ్లు నేలలోకి రెండు మూడు అంగుళాలు సులువుగా దిగేంతగా తడపడం నేర్చుకోండి.

లాన్‌లో సగం తుంగే అయినప్పుడు హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం గుళిక మందు పనికొస్తుంది. మన దగ్గర చెరకు రైతులు సెంప్రా పేరుతో ఎకరాకు 36 గ్రాములు వాడేది ఇదే. బాగా వేరూనిన బెర్ముడా, మెక్సికన్ గడ్డి దీన్ని తట్టుకుంటాయి. ఎకరా అంటే 4840 గజాలు. ఆ లెక్కన 100 గజాలకి వచ్చేది 0.75 గ్రాము, 3 లీటర్ల నీటిలో. ముప్పావు గ్రాము! స్పూన్‌తో కొలిస్తే ఐదింతలు పడుతుంది. నగలు తూచే చిన్న డిజిటల్ కాటా వాడండి. తుంగ మూడు నుంచి ఐదు ఆకుల మీద, చురుగ్గా పెరుగుతున్నప్పుడు కొట్టాలి. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు గడ్డి కోయకూడదు. కొట్టిన వారానికి ఏమీ జరగలేదని మళ్లీ కొట్టేవాళ్లే ఎక్కువ. పసుపెక్కి వాడిపోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మిగిలిన గడ్డల మొలకల కోసం ఆరు వారాల తర్వాత రెండోసారి.

మెక్సికన్ లాన్‌లో గరిక

దీనికి గడ్డిని వదిలి గరికని మాత్రమే చంపే సులువైన మందు ఇంటి స్థాయిలో లేదు. మచ్చ చేటంత ఉన్నప్పుడే, కనిపించే అంచుకి అవతల ఇంకో అడుగు కలిపి, అరడుగు లోతు మట్టి మొత్తం తవ్వి తీసేయండి. మట్టిని జల్లెడ పట్టి తెల్లటి కాడ ముక్క ఒక్కటి కూడా లేకుండా చూసి నింపండి, లేదా కొత్త మట్టి పోయండి. మచ్చ పెద్దదైతే ఏప్రిల్, మే ఎండల్ని వాడుకోండి: గడ్డి చెక్కి, బాగా తడిపి, పలచని పారదర్శకమైన పాలిథిన్ పరచి, అంచులు మట్టితో గాలి చొరకుండా కప్పి ఆరు వారాలు వదిలేయండి. నల్ల కవరు పరిస్తే నేల అంత వేడెక్కదు. రెంటచింతల, రామగుండం ఎండలకి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. విశాఖ మబ్బుల్లో ఫలితం తక్కువ.

వెడల్పాకు కలుపుకి మందు వాడక తప్పకపోతే

2,4-డి సోడియం సాల్ట్ 80 శాతం పొడి వరిలో ఎకరాకు 500 గ్రాములు వాడతారు. 100 గజాలకి అది 10 గ్రాములు, 4 లీటర్ల నీటిలో. బెర్ముడా లాంటి సన్నాకు గడ్డిని వదిలి వెడల్పాకు మొక్కల్ని మెలితిప్పి చంపుతుంది. తుంగ గడ్డలకి దీనివల్ల జరిగేది తక్కువ. మందు కొట్టే ముందు ఉత్త నీటితో 10 గజాలు పిచికారీ చేసి ఎంత నీరు పట్టిందో కొలుచుకోండి. చెయ్యి నిదానమైతే రెట్టింపు మందు పడిపోతుంది.

ఇందులో జరిగే తప్పులు దాదాపు అందరివీ ఒకటే. గాలి ఉన్నప్పుడు కొట్టడం మొదటిది: తుంపర పక్కింటి టమాటా, మిరప, బొప్పాయి, గులాబీ మీద పడితే ఆకులు గిన్నెల్లా ముడుచుకుంటాయి, తగవు కూడా వస్తుంది. అదే స్ప్రేయర్‌తో తర్వాత పూలమొక్కలకి పురుగుమందు కొట్టడం రెండోది, ఎంత కడిగినా ఆనవాళ్లు మిగులుతాయి కాబట్టి కలుపుమందుకి విడిగా ఒక డబ్బా ఉంచండి. మూడోది మే నెల మిట్టమధ్యాహ్నం కొట్టి గడ్డిని కూడా మాడ్చుకోవడం. మ్యాట్లు పరిచి మూడు నెలలు కాని లాన్‌కి ఏ కలుపుమందూ వద్దు. కోసిన గడ్డిని కొన్ని వారాల పాటు కుండీల్లో పరచవద్దు, ఆవుకీ వేయవద్దు.

గింజ మొలవకుండా ముందే ఆపాలంటే పెండిమిథాలిన్ 30 శాతం ఉంది: 100 గజాలకి 20 మిల్లీలీటర్లు, 4 లీటర్లలో, మే చివర్లో తొలకరికి ముందు, ఏడాది దాటిన లాన్ మీద. కొట్టాక తేలికగా నీరు పెట్టాలి. మొలిచినవాటిని ఇది ఏమీ చేయదు, గడ్డల నుంచి వచ్చే తుంగనీ ఆపదు. గచ్చు మీద పడితే పసుపు మరక పోదు. చేపల తొట్టి, కొలను దగ్గర అసలు వాడవద్దు.

ఈ మందుల లేబుళ్ల మీద మన దేశంలో ఉండేవి పంటల పేర్లే. అందుకే ముందు ఒక గజం ముక్కలో కొట్టి రెండు వారాలు చూడండి, కొనేముందు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. చేతి తొడుగులు, మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. మందు పూర్తిగా ఆరేదాకా పిల్లల్నీ కుక్కనీ రానీయకండి. గ్లైఫోసేట్ లాన్ గడ్డిని కూడా చంపేస్తుంది. పైగా దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు మాత్రమే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. పారాక్వాట్ సీసా ఇంట్లోకే తేవద్దు, పొరపాటున లోపలికి పోతే విరుగుడు లేదు. ఉప్పునీళ్లు, వెనిగర్ చిట్కాల సంగతి: వెనిగర్ ఆకుని మాడ్చి వేరుని వదిలేస్తుంది, ఉప్పు నేలనే చెడగొడుతుంది.

డాలస్, అట్లాంటాల్లో బెర్ముడా లాన్ చూసుకునే మనవాళ్లకి కాలం వేరు. అక్కడ వేసవి గడ్డి కలుపుని ఆపే మందు వసంతంలో, నేల వేడి 13 డిగ్రీల సెల్సియస్‌కి చేరే సమయానికి పడాలి. అక్కడ లాన్ కోసమే లేబుల్ ఉన్న మందులు దొరుకుతాయి, పై లెక్కలు వాటికి వర్తించవు.

ఖాళీని గడ్డితో నింపండి

మొలక తీసిన చోట అరచేతి వెడల్పు ఖాళీ మిగిలితే మరో గింజకి ఆహ్వానమే. మూలన దట్టంగా ఉన్న చోటు నుంచి రెండంగుళాల గడ్డి ముక్కలు తీసి, అయిదారు అంగుళాలకి ఒకటి చొప్పున నాటండి. కలుపు తీశాకే, 100 గజాలకి అరకిలో యూరియా సమంగా చల్లి వెంటనే నీరు పెట్టండి. కలుపు ఉండగా చల్లితే తినేది అదే. కోత ఎత్తు అంగుళం నుంచి అంగుళంన్నర మధ్య ఉంచండి, ఒక్కసారికి ఆకు పొడవులో మూడో వంతుకి మించి కోయవద్దు. నేల కనిపించేలా గొరిగిన లాన్‌లో నానబాలు, పల్లేరు ముందుగా చేరతాయి.

కొత్తగా లాన్ వేయబోతుంటే మ్యాట్లు తెప్పించే ముందు నేల చదును చేసి, తడిపి, రెండు మూడు వారాలు ఊరికే వదిలేయండి. గింజలన్నీ మొలుస్తాయి. పై అంగుళం మాత్రమే దోకి తీసేసి మళ్లీ తడపండి. రెండు విడతలు ఇలా చేశాక గడ్డి పరవండి. మధ్యలో మళ్లీ లోతుగా తవ్వితే కింది గింజలు పైకొచ్చి చేసిన పని వృథా అవుతుంది.

ఇక ఎరువో మట్టో ట్రాక్టర్ లోడు దింపించే ముందు ఒక తట్టెడు నమూనా అడగండి. పాత ప్లాస్టిక్ ట్రేలో రెండంగుళాల మందాన పోసి, తడి ఆరకుండా ఎండ తగిలే చోట రెండు వారాలు ఉంచండి. అయిదారు మొలకలకి మించి లేస్తే ఆ లోడు వద్దనండి. మూడు అంచుల కాడ ఒక్కటి కనిపించినా వద్దనండి.